చినసత్యం నడిచిన దారి

నాట్యాచార్యుల గురించి మన పత్రికల్లో రెండే రకాల వ్యాసాలు వస్తాయి: సన్మానానికొకటి, సంతాపానికొకటి. రెంటిలోనూ బిరుదులుంటాయి, బతుకుతెరువు ఉండదు. వెంపటి చినసత్యం విషయంలోనూ అంతే. 1967 సంగీత నాటక అకాడమీ అవార్డు, 1998 పద్మభూషణ్ గుర్తున్నంతగా, ఒక భాగవతుల కుర్రవాడు మద్రాసులో కూలికి కుదిరి, నృత్యదర్శకుడై, గురువైన క్రమం గుర్తులేదు. నాకు ఆ క్రమమే ముఖ్యం.

ఆయన 1929లో కూచిపూడిలో పుట్టారు. అప్పటికి ఆ కళ కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారి చేతిలో ఉంది. ఆడవేషం కూడా మగవాడే కట్టాలి. మేళం ఊరూరా తిరిగి, ఊరి పెద్దలిచ్చింది పుచ్చుకునేది. ఆ పోషణ సన్నగిలుతున్న రోజుల్లో ఆయన మద్రాసు చేరి, అన్న వరసైన వెంపటి పెదసత్యం వద్ద సినిమా నృత్యాలకు సహాయకుడిగా పనిచేశారు. ఈ ఘట్టాన్ని సంప్రదాయవాదులు మచ్చలా దాచిపెడతారు. ఎందుకు దాచాలి? బృందాన్ని నడిపించడం, రాత్రంతా సాగే కథను కుదించడం ఆయనకు అక్కడే అలవడ్డాయని నా అభిప్రాయం. 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీకి ఆ అనుభవమే పెట్టుబడి.

తరువాత నృత్యనాటకాలు. భుజంగరాయశర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం తోడై రంగస్థలం కళకళలాడింది. కానీ నష్టం కూడా లెక్కవేయాలి. పాత భాగవతుడు తానే పాడేవాడు, తానే మాట్లాడేవాడు. భామాకలాపంలో మాధవి ఒక్కడే సూత్రధారుడు, విదూషకుడు, చెలికత్తె. జనం తరఫున భామను నిలదీసేవాడు, ఎగతాళి చేసేవాడు. కొత్త రంగస్థలం మీద పాట పక్కన కూర్చున్న గాయకులకు పోయి, నర్తకికి పెదవుల కదలిక మిగిలింది. వాచికం తగ్గిన మేరకు జనం గొంతు తగ్గింది.

అయినా ‘చండాలిక’ ఉంది. రవీంద్రుని ఇతివృత్తం, బౌద్ధభిక్షువు ఆనందుడు అంటరాని పిల్లను దాహమడిగిన కథ. అగ్రహారంలో పెరిగిన అడుగులు అంటరానితనాన్ని ప్రశ్నించడం చిన్న సంగతి కాదు. ఆ పాత్రలో శోభానాయుడు పేరు తెచ్చుకున్నారు. ఐతే కల్యాణగాథలకు దొరికినంత చోటు అటువంటి కథలకు దొరకలేదు.

ఇక శిక్షణ. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి అంతకు ముందే స్త్రీలకు నేర్పారు. ఆ తలుపును బార్లా తెరిచింది చినసత్యం. ఏ స్త్రీలకు అన్నదే నా ప్రశ్న. పదాన్నీ అభినయాన్నీ తరతరాలుగా కాపాడిన కలావంతుల స్త్రీలను 1947 మద్రాసు చట్టం దేవాలయంలో ఆడకుండా చేసింది, సంఘం వెలివేసింది. నటరాజ రామకృష్ణ వారి గడప తొక్కి నేర్చుకుని, ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. కూచిపూడి తలుపు తెరుచుకున్నది ప్రధానంగా మధ్యతరగతి ఇళ్లకు. 2012లో చినసత్యం మరణించేనాటికి నాట్యం కుటుంబవృత్తి నుంచి ఫీజుల చదువుగా మారిపోయింది. అరంగేట్రానికి దుస్తులు, వాద్యబృందం, హాలు అద్దె, అంతా తండ్రి జేబులోంచే.

విశ్వవిద్యాలయాలు నాట్యంలో పట్టాలిస్తున్నాయి. మా జిల్లా పరిషత్ బడిలో డ్రిల్లు మాస్టారు పోస్టుంది, నాట్యం పోస్టు లేదు. పట్టా తెచ్చుకున్న అమ్మాయి అద్దె గదిలో ఫీజు పుచ్చుకుని చెప్పుకోవలసిందే. ఆ ఫీజు కట్టలేని పిల్లలు మా బడి వార్షికోత్సవానికి ఫోనులో పాట పెట్టుకుని, చూసి నేర్చుకుంటున్నారు.