నైరూప్య చిత్రాలు - సుధర్మ ఇల్లు

నైరూప్య చిత్రకళ పేరెత్తగానే మన అభ్యుదయ విమర్శకుల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. మనిషే కనిపించని బొమ్మలో మనిషి బాధ ఎక్కడుందని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కాని పి.టి. రెడ్డి గారి విషయంలో చాలామంది ఆయన బొమ్మలు చూడకుండానే ఆ ప్రశ్న వేశారని నా అనుమానం. చూసే వీలు మాత్రం ఎందరికుంది? చంద్రశేఖరపురంలో ఉన్న నాబోటివాడికి ఆయన చిత్రమంటే పత్రికలో అచ్చయిన అరచేయంత ముక్క. రంగు మారి, కొలత పోయి మా దాకా వస్తుంది.

పాకాల తిరుమల్ రెడ్డి 1915లో కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో పుట్టారు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివారు. 1941లో అక్కడ కొందరు మిత్రులతో కలిసి ‘యంగ్ టర్క్స్’గా పేరుపడ్డారు. సూజా, హుసేన్, రజాల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పుట్టింది 1947లో. ఈ ఆరేళ్ల తేడాను చెప్పవలసినంత గట్టిగా మనవాళ్లే చెప్పలేదు.

మనుషుల బొమ్మలతో మొదలుపెట్టిన ఈ చిత్రకారుడు తరవాతి కాలంలో బిందువు, త్రిభుజం, వృత్తం వంటి తాంత్రిక చిహ్నాలకు వచ్చారు. ఇది పలాయనమా? 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెడితే ఆ సంఘటనను కూడా ఆయన కుంచె పట్టుకొంది. పూజగదిలోని యంత్రాన్ని గీసుకొని కూచున్నవాడు ఆ పని చెయ్యడు. అయితే ఆ చిహ్నాలన్నీ ఒకే బలంతో పలుకుతాయని నేననను. కొన్నిచోట్ల అలంకారం ఆలోచనను మింగేసిందనే నాకనిపిస్తుంది. ఈ మాట నిలుస్తుందో లేదో తేలాలంటే అసలు బొమ్మలు ఎదురుగా ఉండాలి.

కుటుంబం ప్రసక్తి ఇక్కడే వస్తుంది. రైతు బొమ్మ ఒంటరిగా ఏ గోడ మీదున్నా ఎంతో కొంత చెప్పుకొంటుంది. నైరూప్య చిత్రానికి ఆ వెసులుబాటు లేదు. దాని ముందు వేసిన బొమ్మ, చిత్తు గీతలు, వదిలేసిన ప్రయత్నం పక్కనుంటేనే ఆ త్రిభుజం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. బొమ్మలు తలా ఒక కొనుగోలుదారు ఇంటికి చేరాయా, ఆ వరస తెగిపోతుంది. హైదరాబాదు నారాయణగూడలోని ‘సుధర్మ’ ఇంట్లో ఆయన చిత్రాలు, శిల్పాలు ఒకచోట నిలిచాయంటే దాని విలువ అది. 1996లో ఆయన పోయాక భార్య యశోదారెడ్డి గారు, 2007లో ఆమె కూడా పోయాక కూతురు ఆ బరువు మోశారు. నూనెరంగు పెచ్చులూడుతుంది, చెమ్మ పడుతుంది, చెదలు పడతాయి. వీటితో రోజూ పోరాడేది సిద్ధాంతకర్తలు కారు, ఇంటివాళ్లు.

యశోదారెడ్డి గారిని చిత్రకారుడి భార్యగా మాత్రమే చెప్పడం అన్యాయం. ‘మా ఊరి ముచ్చట్లు’తో తెలంగాణ పల్లె ఆడవాళ్ల పలుకుబడిని కథలోకి తెచ్చిన రచయిత్రి ఆమె. ఆ వ్యాసం వేరే రాయాలి.

కుటుంబం కాపలాకు ఒక ప్రమాదం కూడా ఉంది. ఇంటివాళ్లకు ఆయన తండ్రి, భర్త. బలహీనమైన బొమ్మను బలహీనమని వాళ్ల నోట అనిపించలేం, అనిపించకూడదు కూడా. ఆ పని విమర్శకుడిది. రాజమండ్రిలో దామెర్ల రామారావు 1925లో చిన్నవయసులోనే పోతే, ఇంటివారు, మిత్రుడు వరదా వెంకటరత్నం కాపాడబట్టి ఆ బొమ్మలు మిగిలి, తరవాత ప్రభుత్వ చిత్రశాలలో నిలిచాయి. ప్రజల సొత్తుగా మారాకనే ఏ దారినపోయేవాడైనా వాటి ముందు నిలబడి తగవు పెట్టుకోగలిగాడు.

రెడ్డి గారి బొమ్మల విషయంలో నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ సంవత్సరం ఏది వేశారో చూపే వరసలో, అసలు రంగులకు దగ్గరగా, తెలుగు వ్యాఖ్యతో ఒక సంపుటం. కొనలేనివాళ్ల కోసం దాని ప్రతి జిల్లా గ్రంథాలయాల్లో ఉండాలి. ఖర్చు ఆ ఇంటి మీద పడకూడదు. సంపుటం చేతికొచ్చిన రోజున ఆ తాంత్రిక చిత్రాల మీద నా అభ్యంతరాలు ఒక్కొక్క బొమ్మ పేరూ చెప్పి మరీ రాస్తాను.