నవ్వని రాణి

రాజుల చరిత్రలు చదివేటప్పుడు నాకో పాడు అలవాటుంది. యుద్ధాలన్నీ గబగబా దాటేసి, అంతఃపురంలో ఎవరేం చేశారో వెతుక్కుంటాను. మలయావారి ‘సెజారా మెలాయు’లో అలా వెతికితే దొరికిన మనిషి తున్ ఫాతిమా.

ఈ గ్రంథాన్ని 1612లో జోహోర్ బెండహార తున్ శ్రీ లనాంగ్ రాశాడని ప్రతీతి. బెండహార అంటే ప్రధానమంత్రి. ఆ మాటలో మన భాండాగారం వినబడటం లేదూ? సి.సి.బ్రౌన్ 1952లో వెలువరించిన ఇంగ్లీషు అనువాదం హాయిగా చదివిస్తుంది.

గ్రంథం మొదట్లోనే రాజవంశ మూలపురుషుడికీ ప్రజల పెద్దకీ ఓ ఒడంబడిక జరుగుతుంది. రాజు ఎంత చెడ్డవాడైనా ప్రజలు ద్రోహం తలపెట్టకూడదు. ప్రజలెంత తప్పు చేసినా రాజు వాళ్ళని అవమానించకూడదు. వినడానికి బాగానే ఉంది. పెళ్ళినాటి ప్రమాణాలూ అంతే గదా, నిలబెట్టుకునే భారం ఎవరి నెత్తిన పడుతుందో తర్వాత తెలుస్తుంది!

మలక్కా సుల్తాను మహమూద్ షా గునుంగ్ లేడాంగ్ కొండమీది రాకుమారిని అడగబోయాడు. ఆవిడ బంగారు వంతెన, వెండి వంతెన, ఏడు పళ్ళేల దోమ గుండెకాయలు, చివరికి సుల్తాను కొడుకు నెత్తురు ఒక గిన్నెడు కావాలంది. ఎంత నాజూకైన తిరస్కారం! కానీ ఆవిడ కొండమీద ఉంది. ఫాతిమా బెండహార తున్ ముతాహిర్ కూతురు, ఊళ్ళోనే ఉంది.

ఆమె పెళ్ళికి వచ్చిన సుల్తాను పెళ్ళికూతుర్ని చూసి, ఇంత అందగత్తెను ముందు తనకు చూపలేదని మంత్రిమీద కక్ష పెట్టుకున్నాడు. ఆనక రాజద్రోహమని ఓ చాడీ చెవిన పడింది. అది చాలదూ? మంత్రినీ, కొడుకునీ, ఫాతిమా భర్తనీ చంపించాడు. కొడుకు ఎదిరించబోతే తండ్రే వద్దన్నాడట, మలయావాడు రాజుకి ద్రోహం చేయడని. సుల్తాను తర్వాత నిజం తెలుసుకుని చాడీ చెప్పినవాళ్ళని శిక్షించాడు, ఫాతిమాని రాణిని చేసుకున్నాడు.

ఇక్కడే నాకు రచయితతో పేచీ. తండ్రి రాజభక్తిని అంత శ్రద్ధగా చెప్పినవాడు కూతురి మనసులోకి తొంగిచూడడు. రాణి అయ్యాక ఆమె ఎన్నడూ నవ్వలేదని మాత్రం చెప్పి ఊరుకుంటాడు. నేనైతే నాలుగు వారాల సీరియల్ రాసి ఉండేదాన్ని, చెడగొట్టీ ఉండేదాన్ని. రెండోసారి చదివినప్పుడు ఆ పొదుపు ఎంత బరువైనదో తెలిసింది. కడుపున పడ్డ నలుసును ఆమె నిలవనీయలేదట. సుల్తాను కారణం అడిగితే, మీకు రాజయ్యే కొడుకు ఉండనే ఉన్నాడుగా అంది. నీకు పుట్టేవాడే రాజవుతాడని అతను మాటిచ్చాకే ఆమె బిడ్డను కన్నది.

పదవీ వ్యామోహమని ఎవరైనా అనవచ్చు. నాకలా తోచలేదు. కత్తి పట్టలేని మనిషికి మిగిలిన ఒక్క అధికారాన్నీ ఆమె ఎక్కడా కేకపెట్టకుండా వాడుకుంది. తర్వాతివాళ్ళు ఆమెను కత్తి దూసిన వీరనారిగా చెప్పుకున్నారు. నాకీ నవ్వని మనిషే గట్టిది.

1511లో మలక్కా పోర్చుగీసుల పాలైంది. 1528లో మహమూద్ పోయాక ఫాతిమా కొడుకు అల్లావుద్దీన్ జోహోర్ సుల్తానయ్యాడు. సవతి కొడుకు ముజఫర్ షా పేరాక్ చేరి అక్కడ గద్దెనెక్కాడు. పేరాక్ సుల్తానుల వరుస నేటికీ అతనితోనే మొదలవుతుంది.

ఆ ఒడంబడికలో రాజు వంతును కోర్టు కెక్కించడానికి చాలాకాలం పట్టింది. 1993లో మహతీర్ ప్రభుత్వం రాజ్యాంగాన్ని సవరించి, సుల్తానులు చట్టానికి అతీతులు కారంది, వాళ్ళ కోసం ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది. సుల్తానుల తప్పుల్ని ఎత్తి చూపినవాళ్ళలో లనాంగ్ ముందే ఉన్నాడని నాకనిపిస్తుంది. అతనూ బెండహారే మరి, ఫాతిమా తండ్రి చేసిన ఉద్యోగమే. సుల్తాను కొలువులో కూర్చుని రాస్తూ, సుల్తాను తప్పు చేశాడని వ్యాఖ్యానించలేదు. ఆమె నవ్వలేదని రాశాడు.