నవ్వమంటే రాని నవ్వు

"కొంచెం గడ్డం కిందికి... ఆఁ, అలాగే... ఇప్పుడు నవ్వండి." స్టూడియోకి వెళ్లి ఫొటో దిగిన ప్రతి కుటుంబానికీ ఈ మాటలు తెలుసు. ఫలితం ఇంట్లో గోడమీద ఫ్రేములో వేలాడుతూ ఉంటుంది. పెదాలు నవ్వుతుంటాయి. కళ్లు మాత్రం ఈయన ఎప్పుడు వదిలిపెడతాడా అని చూస్తుంటాయి. ఫొటోగ్రాఫర్‌ని తప్పుపట్టి లాభం లేదు. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ ముఖ కండరాలకు విద్యుత్తు తాకించి, ఆ ముఖాలను ఫొటోలు తీసి, 1862లో వేసిన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. పెదవుల మూలలు మనం చెప్పినట్టు వింటాయి. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం లోపల నిజంగా సంతోషం కలిగితేనే కదులుతుంది అన్నాడు. అందుకే పోర్ట్రెయిట్‌లో చెయ్యి తిరిగినవాళ్లు నవ్వమని అడగరు. నవ్వో, కోపమో, దిగులో రావడానికి ఒక కారణం కల్పిస్తారు. లేదంటే అది వచ్చేదాకా కాచుకుని కూర్చుంటారు.

కారణం కల్పించడంలో కెనడా ఫొటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్‌ది పెద్ద కథ. 1941 డిసెంబరు 30న బ్రిటన్ ప్రధాని చర్చిల్ కెనడా పార్లమెంటులో ప్రసంగించి స్పీకర్ గదిలోకి వచ్చాడు. అక్కడ లైట్లు, కెమెరా సిద్ధంగా ఉన్నాయి. ఫొటో సంగతి ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. విసుక్కుంటూనే ఒక్కటి తీసుకోమన్నాడు. నోట్లో చుట్ట మాత్రం తీయలేదు. కార్ష్ యాష్‌ట్రే అందించాడు, లాభం లేకపోయింది. కెమెరా సరిచూసుకున్నాడు, దగ్గరికి నడిచాడు, మర్యాదగా క్షమాపణ చెబుతూనే ఆ చుట్టను నోట్లోంచి లాగేశాడు. వెనక్కి వచ్చి షట్టర్ నొక్కేసరికి చర్చిల్ ముఖం నిప్పులు కక్కుతోంది. ఆ చూపును ప్రపంచం హిట్లర్‌కు ఎదురునిలిచిన బ్రిటన్ మొండితనంగా చదువుకుంది. 2016లో వచ్చిన అయిదు పౌండ్ల నోటు మీద బొమ్మ కూడా అదే. ఆ మరుక్షణమే చర్చిల్ మెత్తబడి, చిరునవ్వుతో ఇంకొక ఫొటోకి నిలబడ్డాడు. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

అంటే కోపం నిజమే, కానీ అది చుట్ట కోసం వచ్చిన కోపం. పోర్ట్రెయిట్‌లో నిజమైన భావం అంటూ మనం మెచ్చుకునేది చాలాసార్లు ఇలాంటిదే. కెమెరాకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య ఆ క్షణంలో జరిగిన ఏదో ఒక వ్యవహారం ముఖంలోకి వస్తుంది. అది ఆ మనిషి మొత్తం స్వభావమని కథ అల్లుకునేది చూసే మనం.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ ఇంకా గడుసువాడు. 1957లో బ్రిటన్ మాజీ రాజైన విండ్సర్ డ్యూక్ దంపతులను తీయడానికి వెళితే, వాళ్లు అలవాటైన రాచనవ్వు తగిలించుకుని కూర్చున్నారు. వాళ్లకు కుక్కలంటే ప్రాణమని ఆయనకు తెలుసు. వస్తుంటే తన టాక్సీ ఒక కుక్కను తొక్కేసిందని కల్పించి చెప్పాడు. ఇద్దరి ముఖాలూ ఒక్కసారిగా వాడిపోయాయి. క్లిక్. ఈ కథ అవెడాన్ తనే చెప్పుకున్నాడు. ఆ ఫొటోలో అలసట, వయసు, ఏదో పోగొట్టుకున్న దిగులు కనిపిస్తాయి. నాకు ఫొటో నచ్చుతుంది, పద్ధతి నచ్చదు. రాజదంపతులకైతే సరే, ఇంట్లో బామ్మ మీద ఇలాంటి ప్రయోగం చేసేవాణ్ని ఏమనాలి?

బమాకోలో ఫొటోగ్రాఫర్ సేదూ కైతా దారి వేరు. 1948లో మాలీ రాజధానిలో స్టూడియో పెట్టి, ఎక్కువగా పగటి వెలుతురులోనే తీసేవాడు. ఫిల్ము ఖరీదు కాబట్టి సాధారణంగా మనిషికి ఒక్కటే షాట్. గడియారం, రేడియో, సూటు, ఏది కావాలంటే అది పట్టుకుని, వేసుకుని దిగవచ్చు. ఆ ఫొటోల్లో చాలామంది నవ్వరు. అయినా చూపు తిప్పుకోలేం, ఎందుకంటే తాము ఎలా కనబడాలో అలా కనబడుతున్నామన్న ధీమా వాళ్ల భుజాల్లోనే ఉంది. మన పాత స్టూడియో ఫొటోల్లో బిగుసుకుని కూర్చున్న తాతలను చూసి నవ్వుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆ బిగువు కూడా ఒక భావమే. పట్టు ఉత్తరీయం వేసుకుని, ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చి దిగిన ఫొటో అది.

కెమెరా వెనక ఎవరున్నారన్నది కూడా ముఖాన్ని మారుస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ దీన్ని వ్యాపారంగానే పట్టుకున్నాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. పరాయి మగవాడి ఎదుట ముసుగు తీయని మనిషి దగ్గర వెలుతురు ఎంత బాగుంటే ఏం లాభం?

ఇంట్లో తీసుకునేవాళ్లకు ఇందులోంచి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మనిషిని కిటికీకి ఒక పక్కగా కూర్చోబెడితే కంటిలో వెలుగు చుక్క పడుతుంది. అది లేని కన్ను ఎంత నవ్వినా జీవం లేనట్టే ఉంటుంది. ఫోన్ ముఖం దగ్గరికి తెస్తే ముక్కు పెద్దదవుతుంది, కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడాలి. కెమెరా ఉంటే 85 మిల్లీమీటర్ల లెన్సు మంచిది. చేతికి ఏదో పని ఇవ్వాలి. చిక్కుడుకాయలు ఒలవడమో, పూలు కట్టడమో ఏదైనా సరే, చేతులకు పని దొరికితే ముఖం తనను తాను మరిచిపోతుంది. మాట్లాడించాలి, కానీ జవాబు చెబుతున్నప్పుడు తీయకూడదు, నోరు వంకర పడుతుంది. జవాబు చెప్పి, తను చెప్పింది తనే తలుచుకునే ఆ అరక్షణమే అసలైనది. "అయిపోయింది" అని చెప్పి కెమెరా దించకుండా ఉండే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఇది కొట్టినపిండి.

పరాయి ఊళ్లో, పరాయి దేశంలో ఇవన్నీ ఉన్నా చాలవు. 1936లో కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగే ఒక వలసకూలీ తల్లిని అడుగు అడుగు దగ్గరవుతూ తీసింది, కానీ పేరు అడగలేదు. ఆ ముఖం అమెరికా ఆర్థిక మాంద్యం కాలానికి గుర్తయింది. నాలుగు దశాబ్దాల తర్వాత బయటపడిన ఆ తల్లి, ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్, ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని వాపోయింది. కాబట్టి ముందు పేరు అడగండి, ఫొటో తీయవచ్చా అని అడగండి. తీశాక ఫోన్ అటు తిప్పి చూపించండి. వద్దంటే వాళ్ల ఎదుటే తీసేయండి. బాగుందంటే ఒక ప్రింటు వేయించి చేరేలా చూడండి.