వెంకీకి సలాం సరే, మరి నాన్న సంగతి?

రేవతి తీసిన హిందీ సినిమా 'సలామ్ వెంకీ' (2022) నిజానికి మన హైదరాబాద్ కథ. చెస్ ఆటగాడు వెంకటేష్‌కి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు. 2004 డిసెంబరులో, పాతికేళ్ళ వయసులో, అవయవాలు పాడైపోకముందే దానమిచ్చి వెళ్ళిపోతానన్నాడు. వాళ్ళమ్మ సుజాత హైకోర్టుకి వెళ్ళారు. బ్రెయిన్ డెత్ కాకుండా అవయవాలు తీయడానికి 1994 చట్టం ఒప్పుకోదు కాబట్టి కోర్టు కుదరదంది. ఆ నెలలోనే అతను చనిపోయాడు.

కాజోల్, విశాల్ జేఠ్వా బాగా చేశారు. ఏడ్చాను కూడా. నా పేచీ కథనంతో. ఇందులో పేషెంటు తనకేం కావాలో తనే చెప్పేస్తాడు. చూసేవాళ్ళకి తలూపడం తప్ప పనేం మిగలదు.

రాజమండ్రిలో బీటెక్ చదివే మా పిన్ని కొడుకుతో, వాడి ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి చూశాను. "మీకే అలా అయితే?" అంటే ముగ్గురూ "ఆపేయమంటాం" అన్నారు, ఆలోచించకుండానే. "మీ నాన్నగారికైతే?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "అదెలాగండీ, డబ్బుకి చూసుకున్నాడంటారు ఊళ్ళో" అన్నాడొకడు.

ఆ కుర్రాడి భయం సినిమాలో ఎక్కడా లేదు. చాలా ఇళ్ళలో ఐసీయూ బయట ఎదురయ్యేది అదే. డీఎన్ఆర్ అంటే వైద్యం మానేయడం అనుకుంటారు. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి, షాకులిచ్చి మళ్ళీ కొట్టించే ప్రయత్నం చేయొద్దని ముందే రాసిపెట్టుకోవడం, అంతే. మిగతా మందులు, నొప్పి తగ్గించడం మామూలుగానే నడుస్తాయి. దీనికి 2020లో ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మా గోదావరి వైపు దీనికి కాగితం లేని పద్ధతి ఒకటుంది. డాక్టరుగారు "ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోండి" అంటారు. ఇంట్లో చాప మీద పడుకోబెట్టి తులసి తీర్థం పోస్తారు. నిర్ణయం జరిగిపోతుంది, కానీ ఫలానావాళ్ళు తీసుకున్నారని ఎవరూ అనలేరు. కొడుక్కి నింద తప్పుతుంది. అయితే పెద్దాయన్ని ఎవరూ అడిగి ఉండరు. అయిపోయింది వైద్యమా, డబ్బా అన్నది కూడా తేలదు.

2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్ రాసుకోవచ్చంది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలి. 2023 నుంచి ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉంటే చాలు. నాన్నే స్వయంగా రాసిపెడితే ఆ కుర్రాడి మీద మాట పడదు. కానీ ఆ మాట ముందు ఎవరెత్తాలి? వెంకీ లాంటి కొడుకుని చూపించినంత ప్రేమగా, ఈ మాట ఎత్తలేక నసిగే మామూలు కొడుకుని కూడా చూపించి ఉంటే ఇది ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

అయినా చూడండి. ఫ్రెండ్స్‌తో కాదు, అమ్మానాన్నలతో. అయిపోగానే టీవీ కట్టేసి, ఒక్కసారి వాళ్ళనడగండి.