ఒక్క ‘టైమ్’, పలు స్పానిష్ పదాలు: జాతీయాల అనువాదంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో అతి తరచుగా వాడే నామవాచకాలలో ‘టైమ్’ ఒకటి. స్పానిష్‌లోకి వచ్చేసరికి దాని స్థానంలో తియెంపో, బెస్, ఓరా, రాతో వంటి వేర్వేరు పదాలు నిలుస్తాయి. జాతీయాలలోనైతే చాలాచోట్ల ఏ కాలవాచకమూ మిగలదు. ఈ విభజన తెలుగులోని కాలం, సారి, వేళ, సేపు, తీరిక అనే విభజనకు ఆంగ్లం కంటె దగ్గరగా ఉందనీ, స్పానిష్ రచనలను ఆంగ్లం మీదుగా తెలుగు చేసేటప్పుడు రెండు భాషల్లోనూ ఉన్న భేదమే నడుమ దారిలో జారిపోతోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనువాదం, జాతీయం, కాలవాచకాలు, స్పానిష్, పరోక్షానువాదం

నిఘంటువు చెప్పనిది

ద్విభాషా నిఘంటువులో ‘టైమ్’ అనే ఆరోపానికి ఎదురుగా మొదట కనిపించే స్పానిష్ పదం ‘తియెంపో’. లాటిన్‌లోని ‘తెంపుస్’ నుంచి వచ్చిన ఈ పదం శాస్త్ర, తత్త్వ గ్రంథాల అనువాదంలో ఇబ్బంది పెట్టదు. హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ స్పానిష్‌లో ‘లా మాకినా దెల్ తియెంపో’ అయింది. స్టీఫెన్ హాకింగ్ 1988 నాటి గ్రంథం ‘హిస్తోరియా దెల్ తియెంపో’ అయింది. శీర్షికలోని ‘సంక్షిప్త’ అనే విశేషణం జారిపోయింది గాని ‘టైమ్’ చెక్కుచెదరలేదు. మహా భావనలు సులభంగా సరిహద్దు దాటుతాయి. అనువాదకుణ్ణి నిలువరించేవి ‘టైమెంత’, ‘మొదటిసారి’, ‘కాసేపు’ వంటి ఇంటి మాటలు. అనువాద విమర్శ పెద్ద పదాల మీద చూపినంత శ్రద్ధ ఈ చిన్న పదాల మీద చూపలేదన్నది కాదనలేని లోపం.

ఇక్కడ స్పానిష్ పదాలను లాటిన్ అమెరికా ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో చూపడం జరిగింది. స్పెయిన్‌లో ‘బెస్’ చివరి ధ్వని థకారానికి దగ్గరగా వినిపిస్తుంది.

కొలిచేది, లెక్కించేది

ఆంగ్లంలో ‘మచ్ టైమ్’, ‘మెనీ టైమ్స్’ అనే రెండు ప్రయోగాలు ఒకే నామవాచకం మీద ఆధారపడ్డాయి. మొదటిది కొలిచే కాలం, రెండోది లెక్కించే ఆవృత్తి. ఆంగ్లంలో ఈ భేదాన్ని విశేషణమూ బహువచన ప్రత్యయమూ మోస్తాయి. స్పానిష్ దానిని పదానికే అప్పగించింది: ‘ముచో తియెంపో’, ‘ముచాస్ బేసెస్’. తెలుగు చేసిందీ అదే. ‘చాలా కాలం’, ‘చాలాసార్లు’ అనే మాటల్లో కాలమూ సారీ ఒకదాని చోట ఒకటి నిలవవు. 

‘బెస్’ చరిత్ర ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగినది. దాని మూలం ‘మార్పు, వంతు’ అనే అర్థమున్న లాటిన్ ‘వికిస్’. వంతు అనే అర్థం నుంచి ‘పర్యాయం’ అనే అర్థం, ‘ఒకరి స్థానంలో మరొకరు’ అనే అర్థం రెండూ పుట్టాయి. అందుకే స్పానిష్‌లో ‘ఎన్ బెస్ దె’ అంటే ‘బదులుగా’ అని అర్థం. తెలుగులో ‘మారు’ అనే పదం నడిచిన దారి కూడా ఇంచుమించు ఇదే. మారడం అనే క్రియ పక్కనే ‘రెండు మారులు’ అన్న లెక్క ఉంది. ‘మారుపేరు’, ‘మారుటి తల్లి’ అన్న స్థానాంతర సూచన కూడా ఉంది. ఈ రెండు పదాలకు చుట్టరికం ఉందని చెప్పడం కాదు. సంబంధం లేని రెండు భాషలు ఒకే అనుభవం నుంచి ఒకే రకమైన అర్థవిస్తృతిని సాధించాయన్నంతవరకే ఇక్కడి ప్రతిపాదన. ఆంగ్ల ‘టైమ్’కు ఈ స్థానాంతర అర్థం లేదు.

ఇంతకంటె ఆశ్చర్యం కలిగించే సామ్యం ‘తాల్ బెస్’ అనే పదబంధంలో ఉంది. దాని అవయవార్థం ‘అటువంటి సారి’ అని. వాడుకలో అర్థం ‘బహుశా’. తెలుగులో ‘ఒకవేళ’ విడదీస్తే ‘ఒక వేళ’. కాలవాచకం సందేహార్థకంగా మారిన తీరు రెండింటిలోనూ ఒకటే. సందేహాన్ని తెలిపే ఆంగ్ల పదాలలో ‘టైమ్’ ఎక్కడా కనబడదు.

గుణకారంలో మాత్రం దారులు వేరవుతాయి. ‘త్రీ టైమ్స్ ఫోర్’ అన్నదాన్ని స్పానిష్ ‘త్రెస్ పోర్ కువాత్రో’ అంటుంది; బెస్ రాదు. ‘మూడింతలు పెద్దది’ అనవలసినచోట మళ్ళీ ‘త్రెస్ బేసెస్’ వస్తుంది. తెలుగుకు రెట్టు, ఇంత అనే పదాలు విడిగా ఉండనే ఉన్నాయి.

గడియారమూ వేళా

‘ఇట్ ఈజ్ టైమ్ టు గో’, ‘ఐ హావ్ టైమ్ టు గో’ అనే వాక్యాలలో ‘టైమ్ టు గో’ అన్న భాగం అక్షరం తేడా లేకుండా ఒకటే. మొదటిది వేళ అయిందని చెబుతుంది, రెండోది వ్యవధి ఉందని. స్పానిష్ అనువాదకుడు మొదటిదానికి ‘ఎస్ ఓరా దె’ అనీ, రెండోదానికి ‘తెంగో తియెంపో పారా’ అనీ విడదీసి తీరాలి. పొరపడితే వాక్యం వ్యాకరణబద్ధంగానే ఉంటుంది, అర్థం మాత్రం చెడుతుంది. తెలుగులోనూ ‘వెళ్ళే వేళయింది’, ‘వెళ్ళడానికి తీరిక ఉంది’ అనే వాక్యాల మధ్య పొరపాటుకు తావు లేదు. తీరు అనే ధాతువులోంచి వచ్చిన ‘తీరిక’ పనులు తీరాక మిగిలిన కాలాన్ని సూచిస్తుంది. ఆ సూక్ష్మత తియెంపోకూ లేదు, టైమ్‌కూ లేదు.

గడియారం చూసి అడిగే ప్రశ్నకు స్పానిష్‌లో ‘కే ఓరా ఎస్’ అన్నది ప్రామాణిక రూపం. లాటిన్ అమెరికాలో పలుచోట్ల ‘కే ఓరాస్ సోన్’ అని బహువచనంలో అడుగుతారు. ‘ఎన్ని గంటలైంది?’ అనే తెలుగు ప్రశ్నలోని బహువచనం దీనికి సరిజోడు.

‘ఓరా’ తెలుగు పాఠకుడికి పూర్తిగా పరాయి మాట కాదన్నది ఇక్కడ ప్రస్తావించక తప్పదు. గ్రీకు ‘హోరా’ లాటిన్ మీదుగా స్పానిష్‌లోకి చేరింది. అదే గ్రీకు పదం జ్యోతిషంతోపాటు సంస్కృతంలోకి వచ్చి ‘హోర’గా తెలుగు పంచాంగాలలో నేటికీ నిలిచి ఉందని పండితుల అభిప్రాయం. ‘అహోరాత్ర’ శబ్దంలో ఆద్యంతాక్షరాలు లోపించగా హోర ఏర్పడిందన్న వ్యుత్పత్తిని వరాహమిహిరుడు బృహజ్జాతకంలో కొందరి మతంగా పేర్కొన్నాడు. స్పానిష్‌లో హకారం పలకరు గనుక ఓరా అయింది గాని, శుక్రహోరలోని హోర అదే.

ఓరాకు మృత్యుఘడియ అనే అర్థం కూడా ఉంది. సెర్జియో లియోనే 1968లో తీసిన చలనచిత్రం ఆంగ్లంలో ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’. స్పెయిన్‌లో అది ‘ఆస్తా కె యెగో సు ఓరా’ అనే పేరుతో విడుదలైంది. ‘అతని ఘడియ వచ్చేవరకు’ అని దాని తాత్పర్యం. జానపద కథారంభాన్ని స్పానిష్‌లో ‘ఏరాసే ఉనా బెస్’ అంటారు. ఆ కథారంభపు ‘సారి’ని వదలి చావు ‘వేళ’ను శీర్షికకు ఎంచుకోవడం అనువాదమా, పునర్నామకరణమా అన్నది చర్చనీయమే. ఇటాలియన్ మూలశీర్షికలో ‘ఒకానొకప్పుడు’ అన్న ధ్వనే ఉన్నది గనుక స్పెయిన్ పంపిణీదారుల ఎంపిక మూలానికి విధేయం కాదు. అయినా ప్రతీకార కథకు ఆ పేరు అతికినట్టుగా ఉంది. తెలుగు కథకుడి ‘అనగనగా’లో బెస్ లేదు, ఓరా లేదు, అసలు కాలవాచకమే లేదు. ‘అను’ ధాతువు ఒక్కటే ఉంది.

ధనమూ బంగారమూ

‘టైమ్ ఈజ్ మనీ’ అన్న మాటను 1748లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక యువ వర్తకుడికి రాసిన హితవులో ప్రయోగించాడు. స్పానిష్ సామెతలో అది ‘ఎల్ తియెంపో ఎస్ ఓరో’, అనగా ‘కాలం బంగారం’. ధనం చేతులు మారుతుంది, బంగారం పదిలపరచబడుతుంది. లేకాఫ్, జాన్సన్ 1980లో ప్రకటించిన రూపకాల గ్రంథంలో కాలాన్ని ధనంగా భావించే ఆంగ్ల క్రియలను విస్తారంగా చర్చించారు. ఆ చర్చను స్పానిష్‌కు యథాతథంగా అన్వయించడం సరికాదు. కాలాన్ని పొదుపు చేయడం, పెట్టుబడి పెట్టడం స్పానిష్‌లోనూ ఉన్నాయి. కాని అతి సాధారణ క్రియ దగ్గరే తేడా వస్తుంది. ‘స్పెండ్ టైమ్’కు సహజమైన స్పానిష్ క్రియ ‘పసార్’, అంటే గడపడం. సొమ్ము ఖర్చుకు వాడే ‘గస్తార్’ను తియెంపోతో కలిపితే దుబారా అన్న అర్థం తొంగిచూస్తుంది. ‘వేస్ట్’కు ‘పెర్దేర్’, అంటే పోగొట్టుకోవడం.

తెలుగు క్రియ కూడా గడపడమే. ‘సమయాన్ని వెచ్చించారు’ అన్న పత్రికా ప్రయోగం ఆంగ్లం నుంచి దిగినదే. ‘కాలక్షేపం’ అన్న పదాన్ని చూస్తే, విసరడం అనే అర్థమున్న క్షేపం హరికథా కాలక్షేపంలో పుణ్యకార్యమై, వీధి అరుగు మీది కాలక్షేపంలో ఊసుపోకగా మిగిలింది. ‘కిల్ టైమ్’కు ‘మతార్ ఎల్ తియెంపో’ అన్న స్పానిష్ జాతీయం మాటకు మాటగా సరిపోతుంది. తెలుగులో మాత్రం కాలాన్ని ఎవరూ చంపరు, ‘పొద్దుపుచ్చుతారు’. ఒక జాతీయం రెండు భాషల్లో యథాతథంగా కుదిరినంత మాత్రాన మూడో భాషలోనూ కుదురుతుందనుకోవడం అనువాదకులు తరచు పడే భ్రమ.

కాలవాచకం పూర్తిగా మాయమయ్యే సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. జైలుశిక్ష అనుభవించడాన్ని ఆంగ్లం ‘డూ టైమ్’ అంటే స్పానిష్ ‘కుంప్లీర్ కొందేనా’ అని శిక్షనే పేర్కొంటుంది. ‘ఇన్ నో టైమ్’కు ‘ఎన్ ఉన్ సంతియామేన్’ అనే ప్రయోగం ఉంది. లాటిన్ ప్రార్థన ముగింపు మాటలను గబగబా పలికితే మిగిలిన ధ్వని అది. ‘ఎన్ ఉన్ అబ్రీర్ ఇ సెర్రార్ దె ఓఖోస్’, అంటే ‘కళ్ళు తెరిచి మూసేంతలో’ అన్నది మరొకటి. దీనికి ‘రెప్పపాటులో’ అన్న తెలుగు మాట సిద్ధంగా ఉంది. నేటి గడియారపు ‘నిమిషం’ కూడా మొదట రెప్పపాటే కదా. అలాగే ‘ఆ లా ససోన్’ అంటే ‘ఆ సమయంలో’ అని అర్థం. ‘ససోన్’ మూలం విత్తడం అనే అర్థమున్న లాటిన్ పదం. సేద్యకాలాన్ని సూచించే ‘అదను’ ఎరిగిన రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు.

ఆంగ్లం మీదుగా వచ్చే స్పానిష్

స్పానిష్ సాహిత్యం తెలుగులోకి ఎక్కువగా ఆంగ్లం ద్వారానే చేరింది. ఈ పరోక్షానువాదంలో జరిగే నష్టాన్ని సాధారణంగా శైలికీ, లయకూ పరిమితం చేసి మాట్లాడతారు. నష్టం అంతకంటె మామూలు చోట ఉంది.

‘పసామోస్ ఉన్ బువేన్ రాతో’ అన్న వాక్యాన్ని తీసుకోవచ్చు. ఆంగ్లంలో అది ‘వుయ్ హాడ్ ఎ గుడ్ టైమ్’ అవుతుంది. ఆంగ్లం చూసి తెలుగు చేసినవారి చేతిలో ‘మేము మంచి సమయాన్ని గడిపాము’ అన్న నిర్జీవ వాక్యం తయారవుతుంది. మూలంలోని ‘రాతో’ లాక్కోవడం అనే అర్థమున్న లాటిన్ ‘రప్తుస్’ నుంచి వచ్చి, కాలప్రవాహం నుంచి లాగిన చిన్న తునకను సూచిస్తుంది. తెలుగులో దానికి అచ్చమైన సమానార్థకం ‘సేపు’. ‘కాసేపు హాయిగా గడిచింది’ అంటే చాలు. సేపు ఒంటరిగా నిలవదు; కా, ఎంత, చాలా వంటి తోడు కావాలి. రాతోకు ‘ఉన్’ తోడైనట్టే ఇదీ. మెక్సికోలో ‘ఆల్ రాతో’ అంటే ‘కాసేపాగి’, సాధారణంగా అదే రోజున. ఆంగ్లంలో ‘లేటర్’ అయి, తెలుగులో ‘తర్వాత’ అయినప్పుడు ఆ సామీప్యం పోతుంది. స్పానిష్‌లో ఉన్నదీ తెలుగులో ఉన్నదీ ఒకటే అయినా, నడుమనున్న భాషలో దానికి చోటు లేకపోవడమే ఇందుకు కారణం.

ఎదురుచూసి విసిగినవారు అనే ‘యా ఏరా ఓరా’ సంగతీ ఇంతే. ఆంగ్లంలో ‘ఇట్స్ అబౌట్ టైమ్’. దాన్ని ‘ఇది తగిన సమయం’ అని తెలిగిస్తే దెప్పిపొడుపు కాస్తా ఆమోదంగా మారిపోతుంది. స్పానిష్ క్రియ భూతకాలంలో ఉంది. వేళ ఎప్పుడో అయిందని ఎత్తిపొడుస్తోంది. ‘ఇన్నాళ్ళకా!’ అన్న తెలుగు ఆశ్చర్యార్థకంలో ఆ ఎత్తిపొడుపు మొత్తం ఉంది.

స్పానిష్, తెలుగు అంతటా జంటగా నడుస్తాయని దీని అర్థం కాదు. తియెంపోకు వాతావరణం అనే అర్థమూ, వ్యాకరణంలోని కాలమనే అర్థమూ ఉన్నాయి. తెలుగు ‘కాలం’ రెండోదాన్ని పంచుకుంటుంది గాని, మొదటిదాని విషయంలో వానాకాలం, ఎండాకాలం అని రుతువు దగ్గరే ఆగుతుంది. ‘ఆసె బువేన్ తియెంపో’ను ‘మంచి కాలం నడుస్తోంది’ అని తెలిగిస్తే పంట బాగుందనో, పాలన బాగుందనో పాఠకుడు అనుకుంటాడు. ఆంగ్లం ద్వారా వచ్చినవారు ఈ గోతిలో పడరు, అక్కడ ‘వెదర్’ అనే పదం వేరుగా ఉంది గనుక. నేరుగా స్పానిష్ నుంచి అనువదించేవారికే ఈ ప్రమాదం ఎక్కువ.

గార్సియా మార్కెస్ 1985లో ప్రచురించిన నవల శీర్షిక ‘ఎల్ అమోర్ ఎన్ లోస్ తియెంపోస్ దెల్ కోలెరా’. ఈడిత్ గ్రాస్‌మన్ 1988 ఆంగ్లానువాదంలో బహువచన ‘తియెంపోస్’ ఏకవచన ‘టైమ్’ అయింది. ఆంగ్ల శీర్షికగా దానికి వంక పెట్టలేము. అయితే స్పానిష్ బహువచనం ఒక యుగాన్ని, తలచుకునే గతాన్ని స్ఫురింపజేస్తుంది. రాజుల నాటి సంగతులు చెప్పేటప్పుడు వాడే ప్రయోగమది. ఆంగ్ల శీర్షిక మీద ఆధారపడితే ‘కలరా సమయంలో’ అనాలనిపిస్తుంది. అది ఆసుపత్రి ప్రకటనలా వినిపిస్తుంది. ‘కలరా కాలంలో’ అంటే మెరుగు. మూలంలోని బహువచనాన్ని నిలిపేది మాత్రం ‘ఆ రోజుల్లో’ అన్న తెలుగు పలుకుబడి. స్పానిష్‌లో కోలెరా పుంలింగమైతే వ్యాధి, స్త్రీలింగమైతే క్రోధం. శీర్షికలోని ‘దెల్’ వ్యాధినే ఖాయం చేసినా క్రోధం నీడ తొలగదు. ఆ నీడ తెలుగులోకి రాదు. అందుకు అనువాదకుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. బహువచనం మాత్రం రాగలదు. 2020 తర్వాత స్పానిష్ పత్రికలు ఈ శీర్షిక మూసలోనే కరోనా ‘తియెంపోస్’ గురించి లెక్కలేనన్ని శీర్షికలు పెట్టాయి. తెలుగువారు ఏ శీర్షికా చూడకుండానే ‘కరోనా రోజుల్లో’ అన్నారు.