తోలుబొమ్మ, తోలు లాంప్‌షేడ్: వెలుగు ఆధారంగా ఒక పరిశీలన

1. ప్రవేశిక

రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలలో నీటిరంగుల చిత్రాలను గమనిస్తే, రంగు పలుచబడిన చోట కాగితపు తెలుపే వెలుగై కనిపిస్తుంది. అది చిత్రంపై పడి తిరిగివచ్చిన వెలుగు. అదే గోదావరి ప్రాంతంలో, కాకినాడ సమీపాన ఉన్న మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారులది వేరొక మార్గం. వెనుక నుండి దీపకాంతి సోకనిదే వారి రంగు పూర్తికాదు. ఈ సూత్రమే నేడు లాంప్‌షేడ్ రూపంలో ఇళ్లలోకి వస్తున్నది. దానిని తోలుబొమ్మ పతనంగా భావించే ధోరణి ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. తోలు, రంగు, రంధ్రం

మేకతోలును వేడినీటిలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెడితే అది వెలుగును కొంతవరకు ప్రసరింపజేసే పొరగా మారుతుంది. దానిపై రేఖలు గీసి, ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. జావా వయాంగ్ కులిత్, కేరళ తోల్పావకూత్తు, ఒడిశా రావణఛాయలలో ప్రధానంగా కనిపించేది నల్లని నీడ. ఆంధ్ర తోలుబొమ్మది రంగుల నీడ. ఇందులో వెలుగుకు మూడు గతులున్నాయి. నల్లరేఖ దానిని ఆపుతుంది, రంగు వడగడుతుంది, రంధ్రం అడ్డులేకుండా విడిచిపెడుతుంది. కిరీటాలు, హారాలు తెరపై మెరిసేది ఈ రంధ్రాల వల్లనే. కాబట్టి రంధ్రం కేవలం అలంకారం కాదు, రంగుతో సమానమైన నిర్మాణాంశం.

3. తెర లేని దీపం

ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట కళాకారులు ఈ తోలుతో లాంప్‌షేడ్లు రూపొందిస్తున్నారు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. లాంప్‌షేడ్‌లో కీళ్లు లేవు, కథ లేదు, నూనెదీపపు రెపరెపలు లేవు. బొమ్మను తెరకు ఆనిస్తే స్ఫుటంగా, వెనక్కి లాగితే మసకగా కనిపించే నాటకీయత కూడా లేదు. ఈ నష్టం వాస్తవమే.

అయితే లాభమూ ఉంది. ఆటలో ప్రేక్షకుడు కదలడు, బొమ్మ కదులుతుంది. ఇక్కడ బొమ్మ కదలదు, చూపరి దాని చుట్టూ నడుస్తాడు. రంధ్రాలు సమృద్ధిగా ఉన్నచోట చుట్టూ ఉన్న గోడలే తెర బాధ్యతను స్వీకరిస్తాయి. ఉలిపని తగ్గించి, తోలంతటినీ ఒకే సాంద్రతగల రంగుతో నింపిన లాంప్‌షేడ్‌లో మాత్రం వెలుగు ఎక్కడా ఆగదు, ఎక్కడా స్వేచ్ఛగా సాగదు. నెమలి, పువ్వు వంటి ఆకృతులు మిగులుతాయి గాని తోలుబొమ్మల సంప్రదాయం మిగలదు.

4. ముగింపు

పురాణపాత్ర ఉన్నదా లేదా అనే ప్రశ్న ఒక్కదానితో లాంప్‌షేడ్‌కు విలువ కట్టలేము. రాముని బొమ్మ ఉండి రంధ్రం మూగబోయిన దీపం కన్న, పూలతీగ మాత్రమే ఉండి గోడపై వెలుగుచుక్కలు పరచే దీపమే తోలుబొమ్మకు దగ్గరి బంధువు. భౌగోళిక గుర్తింపు పేరును, ప్రాంతాన్ని కాపాడగలదు. వెలుగును ఆపడం, వడగట్టడం, విడిచిపెట్టడం అనే వివేకాన్ని కాపాడవలసింది ఉలి పట్టిన చేయి, దాని శ్రమను గుర్తించి తగిన వెల చెల్లించే కొనుగోలుదారు.