రాగి బట్టీ పనితనం

సింగిల్ పాట్ స్టిల్ ఐరిష్ విస్కీని మెచ్చుకోవడానికి ఖరగ్‌పూర్‌ని మించిన ఊరు లేదంటాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరిన కుటుంబాలవాళ్లకు రాగి గురించీ, ఆవిరి గురించీ ఒకరు చెప్పాలా?

మొన్న మిత్రులం కూచుని ఆ రకం విస్కీయే అయిన పన్నెండేళ్ల రెడ్‌బ్రెస్ట్ సీసా తెరిచాం. రిటైరైన ఫిట్టరు బాబాయి గ్లాసు ముట్టకముందే తయారీ అడిగాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మొలకెత్తించని బార్లీ కలుపుతారు. ఒక్కోటీ కనీసం 30 శాతం ఉండాలి. మొలక బార్లీ మీద పన్ను తప్పించుకోవడానికే 18వ శతాబ్దంలో పచ్చి గింజ వాడకం పెరిగిందంటారు. పన్ను ఎగ్గొట్టే తెలివి ఇంత రుచిగా ఉండటం అరుదు! పులిసిన ద్రవాన్ని రాగి బట్టీలో, సాధారణంగా మూడుసార్లు, కాస్తారు. మొదట దిగేదీ, చివర దిగేదీ పక్కన పెట్టి నడిమి ధారనే పట్టుకోవాలి. తరవాత బోర్బన్, షెర్రీ పీపాల్లో ఏళ్ల తరబడి నిల్వ. ఏటా కొంత ఆవిరైపోతుంది. మన ఎండలకైతే ఇంకెంతో పోయేది.

నాలుక మీద నూనెలా జారింది. ఎండు ఖర్జూరం వాసన, వెనకాలే లవంగపు ఘాటు. ఆ చిక్కదనమూ ఘాటూ పచ్చి బార్లీ చలవే.

"ధార ఎక్కడ కొయ్యాలో తెలిసినోడేరా మేస్త్రీ" అన్నాడు బాబాయి.

ఐర్లండులో ఈ పద్ధతి దాదాపు అంతరించిన కాలంలో కార్క్ కౌంటీలోని మిడిల్టన్ బట్టీవాళ్లు దాన్ని నిలబెట్టారు. మీకెక్కడైనా దొరికితే సోడా మాత్రం పొయ్యకండి, రెండు చుక్కల నీళ్లు చాలు.